టికెట్టు కొన్నవారి మాటేమిటి?



హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు, తమిళము, కన్నడము మూడు భాషల సినిమాలూ ఆడతాయని మనకు తెలుసు. 1980ల్లో ఆ మూడు భాషల వాల్‌పోస్టర్ల మీదా కనబడిన ముఖము ఒకటున్నది. సిల్కు స్మిత. ఆమె పేరెత్తితే మన ఇండ్లలో పెద్దలు ఇప్పటికీ మాట మార్చుతారు. అయినా ఆమెను గూర్చి మాట్లాడుకొనవలసినది ఉన్నదని మేము తలంచుచున్నాము.

ఆమె అసలు పేరు విజయలక్ష్మి. 1960లో ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన తెలుగు బిడ్డ. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. చిన్న వయసులోనే పెండ్లి చేశారు, అది నిలువలేదు. బ్రతుకుతెరువుకు మద్రాసు చేరి, మొదట ఇతర నటీమణులకు మేకప్ సరిదిద్దే పని చేసింది. స్మిత అని పేరు పెట్టినవాడు వినుచక్రవర్తి. ఆయన కథ వ్రాసిన 'వండిచక్కరం' (1980) అనే తమిళ చిత్రములో ఆమె పాత్ర పేరు సిల్కు. ఆ పేరు ఆమెను మరి వదలలేదు. ఊరు విడిచి పనికి వచ్చినవారికి మేస్త్రీ ఏ పేరు పెడితే అదే పేరు అయిపోవడం మనము ఎరుగనిది కాదు.

1981లో 'సీతాకోకచిలుక'లో ఆమె ఒక క్రైస్తవ కుటుంబపు కోడలిగా నటించింది. భర్త దౌష్ట్యమును సహించే ఇల్లాలి వేషమది. ఆ చిత్రము చూచినవారు ఆమెకు నటన రాదని అనలేరు. సావిత్రివంటి పాత్రలు చేయాలని తన కోరికను పత్రికలవారితో చెప్పుకున్నది కూడా. కాని అమ్ముడుపోక డబ్బాల్లో పడియున్న చిత్రములకు ఆమె పాట ఒకటి చేర్చితే కొనేవారు వచ్చేవారు. అందుచేత అడిగినవారందరూ ఆ పాటనే అడిగారు. 1989లో 'లయనం' అనే మలయాళ చిత్రము పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో వచ్చింది.

ఆమె ఇష్టపడే చేసింది, డబ్బు తీసుకొన్నది, మనకేమి అని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజమున్నది. ఆమెను ఏమీ ఎరుగని అమాయకురాలిగా చూపడము కూడా ఆమెను చిన్నబుచ్చడమే. వందల చిత్రములలో కష్టపడి పనిచేసిన మనిషి. అయితే ఇష్టమనేది ఎదుట పెట్టినవాటిలో నుండి ఏరుకొనేది. ఎదుట ఏమి పెట్టాలో నిర్ణయించినది నిర్మాత, వానికి ధైర్యమిచ్చినది టికెట్టు కొన్నవాడు. చూపినదానికి సిగ్గు ఉంటే చూచినదానికి ఎందుకు లేదు? హాలులో ఈలవేసినవాడు ఇంటికి వచ్చి పెద్దమనిషిగానే కూర్చున్నాడు, ఆమె మాత్రము ఎక్కడికి వెళ్లినా సిల్కే.

1996 సెప్టెంబరు 23న మద్రాసులోని తన ఇంట్లో ఆమె చనిపోయి కనబడింది. ఆత్మహత్య అన్నారు. అప్పటికి ముప్పది అయిదేండ్లు. 2011లో ఆమె జీవితము ఆధారముగా 'ది డర్టీ పిక్చర్' వచ్చింది, అందులో నటించిన విద్యాబాలన్‌కు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. విద్యాబాలన్ బాగానే నటించింది, తప్పు పట్టము. వేషము వేసినవారికి దక్కిన గౌరవములో బ్రతికినామెకు కొంచెమైనా దక్కలేదు, అంతే.

పండుగలకు రికార్డింగ్ డాన్సు పెట్టించేవారు చందా పుస్తకము పట్టుకొని మన గడపకూ వస్తారు. ఆ ఆడపిల్లలు ఏ ఊరివారు, ఎంత ఇస్తున్నారు, అర్ధరాత్రి దాటాక వారిని ఎవరు ఇండ్లకు చేర్చుతారు అని అడిగి చూడండి.