పాళీ ఎవరి చేతికి అలవాటు పడింది?

నాకు పెన్నుల పిచ్చి ఉందని చెప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గే. నగల పిచ్చి అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. చీరల పిచ్చి అంటే నవ్వి ఊరుకుంటారు. ఫౌంటెన్ పెన్నులు పదకొండు ఉన్నాయంటే మాత్రం "అన్నిటితో ఏం రాస్తావు?" అంటారు. అలా అడిగినవాళ్ల మీద నాకు కోపం వచ్చేది. బెంగుళూరులో ఒక పెన్నుల ప్రదర్శనకి వెళ్లొచ్చాక ఆ కోపం పోయింది. ప్రశ్న మాత్రం మిగిలింది.

హాలు నిండా బల్లలు, బల్లల నిండా పెన్నులు, సిరా బుడ్లు. వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. రాజమండ్రి రత్నం పెన్నుల గురించి వింటూ పెరిగినదాన్ని. స్వదేశీ పిలుపుకి జవాబుగా 1930లలో మొదలైన పెన్నులవి. అందుకేనేమో, ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చేసిన పెన్ను ఎక్కడ కనిపించినా నా కాళ్లు ఆగిపోతాయి. మూత తీస్తే రబ్బరూ గంధకమూ కలిసిన ఆ వాసన! డ్రాపరుతో నేరుగా గొట్టంలోకే సిరా పోసుకోవాలి.

పాత పెన్నులమ్మే బల్ల మీద చిటికెనవేలంత పెన్నులు కొన్ని ఉన్నాయి. వాటికి క్లిప్పు లేదు, మూత చివర ఒక రింగు ఉంది. 1920ల నాటి ఆడవాళ్ల పెన్నులట. గొలుసుకి తగిలించుకుని మెళ్లో వేసుకునేవారు. మగవాడి పెన్నుకి క్లిప్పు ఉండేది, ఎందుకంటే అతని కోటుకి జేబుండేది. 1958లో షేఫర్ కంపెనీ 'లేడీ షేఫర్' అని బట్టల అల్లికల్ని పోలిన డిజైన్లతో పెన్నులు తెచ్చింది, దుస్తులకి తోడు ఆభరణంలాగ. మన టీచరమ్మలు పెన్నుని జాకెట్టుకి గుచ్చుకునేవారు. జేబు లేకపోతేనేం, చోటు వాళ్లే చేసుకున్నారు.

అసలు సంగతి ఇంకో బల్ల దగ్గర జరిగింది. పాళీ ఎలా నడుస్తుందో చూడమని అమ్మే అతను ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఏదైనా రాయండి మేడమ్" అన్నాడు. నాకంటే ముందు రాసిన పెద్దమనిషి కాగితం సగం నిండేలా సంతకం పెట్టి వెళ్లాడు. నేను రాసింది చూసుకుంటే: పాలు, పసుపు, కందిపప్పు, గ్యాస్. ఇరవయ్యేళ్లుగా క్లాసులో స్త్రీల రచన గురించి పాఠం చెబుతున్నదాన్ని! "ఏదైనా" అన్న స్వేచ్ఛ దొరగ్గానే నా చెయ్యి వెళ్లింది వంటింటి పద్దులోకి.

అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో నాన్న పెన్ను ఎవరూ ముట్టుకోకూడదు. చెయ్యి మారితే పాళీ పాడైపోతుందనేవారు. కానీ ప్రతి ఆదివారం దాన్ని విప్పి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సిరా పోసేది అమ్మే. పెన్నుని సిద్ధం చెయ్యడం ఆమె పని, రాయడం ఆయన పని. అమ్మ మాత్రం మా పాత నోటు పుస్తకాల వెనక పేజీల్లో పెన్సిలు ముక్కతో పద్దులు రాసేది. పంతొమ్మిదో శతాబ్దపు బర్మింగ్‌హామ్‌లో ఉక్కు పాళీల ఫాక్టరీల్లో పనిచేసినవాళ్లు ఎక్కువమంది స్త్రీలూ బాలికలే. ఒక్కో పాళీనీ ప్రెస్సులో పెట్టి చీలిక వేసింది వాళ్ల చేతులే. పాళీ మీద అచ్చయింది మాత్రం యజమాని పేరు.

మిగతా వృత్తులకంటే ముందే స్త్రీలు రచనలో నిలదొక్కుకోవడానికి ఒక కారణం కాగితం చవగ్గా దొరకడమేనని వర్జీనియా వూల్ఫ్ 1931లో ఒక ఉపన్యాసంలో అంది. నిజమే. మరి మా ఇంట్లో కాగితానికీ పెన్సిలుకీ కరువు లేదే, అమ్మెందుకు రాయలేదు? ఆమెకి లేనివి రెండు. ఎవరూ పిలవని ఒక గంట, ఎవరూ తీసి చదవని ఒక పేజీ. ఆ రెండూ ఏ ప్రదర్శనలోనూ అమ్మరు. వాటి బదులు నేను పెన్నులు కొంటున్నానా? పెన్ను కొన్న ప్రతిసారీ రాసినంత తృప్తి కలిగింది. రాయడం మాత్రం వాయిదా పడింది.

అయితే ఇవన్నీ తీసి ఎవరికైనా ఇచ్చెయ్యాలా? అక్కడా నాకు అనుమానమే. ఆ హాల్లో నా జీతానికి రెండింతలు పెట్టి పెన్ను కొన్న పెద్దమనిషిని "అన్నిటితో ఏం రాస్తారు?" అని ఎవరూ అడగలేదు. ఆయన కూడా తనని తాను అడుక్కుని ఉండడు. తన సంతోషానికి ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకునే అలవాటు ఆడవాళ్లకే నేర్పారు. ఆ అలవాటుని నీతి అనుకుని మోయడం నాకిష్టం లేదు.

చివరికి నాకు తోచిందేమిటంటే, అపరాధభావం వేరు, బాకీ వేరు. అపరాధభావం "వదులుకో" అంటుంది. వదులుకుంటే అమ్మకి ఒరిగేదేమీ లేదు, నా మనసు తేలికపడ్డం తప్ప. బాకీ "తీర్చు" అంటుంది. నా పెన్నుల వెనక పెన్నులు కడిగిన చేతులున్నాయి, పాళీలు చీల్చిన చేతులున్నాయి. ఆ బాకీ తీరేది నేను రాస్తేనే, ఇంకొకరు రాసుకోవడానికి చోటిస్తేనే.

ఆ ప్రదర్శనలో కొన్న ఎబొనైట్ పెన్నుని అమ్మ చేతికిచ్చాను.

"నాకెందుకే? నా చేతిలో పడితే పాళీ పాడైపోతుంది" అంది.

"పాడవనీ అమ్మా."

చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితం మీద పెన్ను ఆనించి, ఎడం చేత్తో పేజీ కప్పుకుంది. "నువ్వు లోపలికెళ్లు. చూస్తుంటే రాయలేను" అంది. వెళ్లాను. ఏం రాసిందో అడగలేదు, ఆ పుస్తకం తెరిచి చూడలేదు.

ఏడాది దాటింది. ఆదివారాలు ఆమె పెన్ను నేనే కడుగుతున్నాను. సిరా పోసి నడుస్తుందో లేదోనని ఒక గీత గీస్తే, పాళీ నా చేతిలో కాస్త గీసుకుపోతోంది. అమ్మ చేతికి అలవాటు పడింది మరి.

ఇక నాకు మిగిలినవి పదకొండు. అన్నిటితో ఏం రాస్తానని ఇప్పుడు ఎవరైనా అడిగితే కోపం రాదు. పొద్దున్నే బల్ల ముందు కూర్చుని ఆ ప్రశ్న నేనే వేసుకుంటున్నాను.