ధర్మకాంటా

లారీలను తూచు పెద్ద త్రాసును మన ప్రాంతమున హిందీ మాటాడువారు ధర్మకాంటా అందురు. మరాఠీవారు వజనకాటా అని ఊరకొందురు. మన తెలుగు ఇండ్లలో రెండు మాటలును చెల్లుచున్నవి. మొదటి పేరున ధర్మమను శబ్దమేల చేరెనో బామ్ని రోడ్డు ప్రక్క నిలిచి ఎవరును ఆలోచింపరు. కాంటాగది గుమాస్తాగా ఇరువదియేడేండ్లు కూర్చుండి బొగ్గు లారీల బరువులు వ్రాసిన నేనును ఆలోచింపలేదు. ఉద్యోగము విరమించిన పిదపనే ఆ చింత పట్టుకొన్నది. నా చదువు మెట్రిక్ వరకే గనుక పెద్దలు నా తప్పులు మన్నింతురు గాక.

నా ప్రశ్న ఇది. యంత్రము చూపిన అంకెను చూపినది చూపినట్లు వ్రాసినవాడు సత్యము పలికినట్లేనా?

మా తాతల కాలపు తగవులు వేరు. చెన్నపట్టణపు మణుగు 25 పౌండ్లు; ఉత్తరాది మణుగు 82 పౌండ్లకు పైమాట. మాట ఒక్కటే, బరువులు రెండు. 1956 నాటి చట్టముతో కిలోగ్రాము దేశమంతటికిని ప్రమాణమైన పిమ్మట ఆ చిక్కు తీరినది. అయినను నాటి త్రాసునందు ఒక సుగుణము కలదు. ముల్లు ఎటు మొగ్గినదో అమ్మువాడును కొనువాడును కూడ చూడగలిగెడివారు. నేడు కనబడునది ఎఱ్ఱని అంకె మాత్రమే. దాని వెనుక నేమి జరుగునో లారీవానికి తెలియదు, గుమాస్తాకును తెలియదు.

నేను మెకానికుల వెంటబడి కొంత తెలిసికొంటిని. లారీ నిలుచు ఇనుప పలకల క్రింద ఉక్కు దిమ్మెలుండును, వానిని లోడ్‌సెల్లులందురు. బరువు పడగా ఉక్కు కంటికానరానంతగా కుదించుకొనును. దానికంటించిన సన్నని లోహపు రేకు కూడ కుదించుకొని, విద్యుత్తునకు అది కలిగించు నిరోధము రవంత మారును. అట్టి నిరోధములను నాలుగింటిని వీట్‌స్టన్ వంతెనగా కూర్చి 10 వోల్టులు ఇచ్చినచో, సెల్లు మోయగల పూర్తి బరువునకు వచ్చునది 20 మిల్లీవోల్టులు. 30 టన్నుల సెల్లులు ఆరు కలిసి మోయు కాంటాలో 10 కిలోల బొగ్గునకు దక్కునది ఒక మైక్రోవోల్టుకు కొంచెము ఎక్కువ. అనగా వోల్టులో పదిలక్షలవ వంతు! ఒక కూలివాని తట్టెడు బొగ్గు అంత చిన్న సంకేతమై తీగెలో నడచివచ్చును.

అది ఒంటరిగా రాదు. ఇంజను అదురు, గాలి త్రోపు, ప్రక్క తీగెలలోని కరెంటు రొద, ఎండవేడికి అతుకులలో పుట్టు వోల్టేజి, ఇన్నియు దాని వెంట వచ్చును. అందుచేత సంకేతమును పెద్దది చేసి, వడగట్టి, అంకెగా మార్చు పరికరము ఒకటి కావలయును. ఇంజనీర్లు దీనిని సిగ్నల్ కండిషనింగ్ అందురు. వడగట్టక తప్పదు, వడగట్టనిచో అంకె క్షణము నిలువదు. కాని ఏది సంకేతము, ఏది రొద అని యంత్రమునకు తెలియదు. ముందుగా ఎవరో ఒకరు నిర్ణయించి పెట్టవలసినదే. పాలు వడగట్టు గుడ్డ నలుసునే కాదు, మీగడను కూడ ఆపును.

2003 వర్షకాలమున మా కాంటా అంకె ఊగులాడసాగెను. లారీలు బారులు తీరెను. పైవారు తొందరపెట్టిరి. నేను మెకానికుతో చెప్పగా అతడు వడపోతను బిగించెను. అంకె రాయివలె నిలిచెను. నేను సంతసించితిని. నిలుకడనే నేను నిజమనుకొంటిని.

ఆ వారమే ఆదిలాబాదు వైపు పిల్లవాడొకడు బొగ్గు తెచ్చెను. గనివద్ద తూచినదానికంటె మా కాంటాలో 340 కిలోలు తక్కువ వచ్చెను. "సారూ, నేను నడుమ యాడ గూడ ఆపలే. కాంటనే ఒకపాలి సూడుండ్రి," అని అతడు ప్రాధేయపడెను. "అంకె కదలుట లేదు కదా తమ్ముడూ," అని నేను చీటీ వ్రాసి ఇచ్చితిని. తరుగు సొమ్మును యజమాని అతని జీతమున కోసికొనెను. తరువాత ఎండ కాసిన దినమున ప్రమాణపు బరువులు పెట్టి పరీక్షింపగా కాంటా సరిగానే చూపెను. మరుసటి యేట వానలలో, సెల్లుల తీగెలు కలియు పెట్టెను విప్పగా, ఒక సెల్లు తీగెల మొదట నీరు చేరియున్నది. తడిసినపుడు అబద్ధము, ఆరినపుడు నిజము! ఊగులాటయే అది చేసిన మొర. ఆ మొరను రొద యని వడగట్టించినవాడను నేను.

మన భాషలో ప్రమాణమను మాట కొలతకును, ఒట్టునకును, జ్ఞానసాధనమునకును ఒక్కటే. కామెర్లవానికి తెల్లని శంఖము పసుపుపచ్చగా తోచుననుట శాస్త్రములలో ప్రసిద్ధమైన ఉదాహరణము. వాడు బొంకుట లేదు, చూచినదే చెప్పుచున్నాడు. మరి అట్టి జ్ఞానమును నమ్ముట ఎట్లు? మీమాంసకులు జ్ఞానము స్వతఃప్రమాణమందురు; బాధకము కనబడువరకు దానిని నమ్మవలసినదే. నైయాయికులు పరతఃప్రమాణమందురు, వేరొక దానితో సరిచూచిన పిదపనే దాని యథార్థత తెలియును. ఆ దినమున నేను మీమాంసకుడను, ఆ లారీ పిల్లవాడు నైయాయికుడు. మీమాంసకులను నేను తక్కువచేయుట లేదు. ప్రతి అంకెను శంకించినచో కాంటాగది ఒక్క పూటయైనను నడువదు. కాని బాధకము ఎదుట నిలిచి చేతులు జోడించినపుడు మీమాంసకుడైనను వినవలసినదే గదా!

చట్టము ఏటేట కాంటాను పరీక్షించి ముద్ర వేయుమనును. ముద్ర ఆ దినపు సత్యమునకే సాక్షి. అంతయేల, 1889 నుండి ప్రపంచమంతటికిని కిలోగ్రామైయుండిన ప్యారిస్ సమీపమునందలి లోహపు దిమ్మెకును, దాని నకళ్లకును నూరేండ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల భేదము కనబడినది. మారినది దిమ్మెయో నకళ్లో చెప్పుటకు దానిని మించిన ప్రమాణము లేదు. శాస్త్రజ్ఞులు ఆ భేదమును దాచలేదు. 2019 మే 20 నుండి దిమ్మెను ప్రక్కకు పెట్టి, ప్లాంక్ స్థిరాంకముతో కిలోగ్రామును నిర్వచించిరి. మా కాంటాగదిలో నేను వారి పనిలో వేయవ పాలు చేసినను చాలియుండెడిది.

పెట్టెలో నీరు చూచిన దినముననే పైవారికి కాగితము వ్రాసితిని. పాత లెక్కలు మూసివేయబడినవని జవాబు వచ్చెను. ఆ పిల్లవాని కొరకు లారీ అడ్డాలలో విచారించితిని. అతడు పని మాని వెళ్లెననిరి.

మొన్న వానలో ఒక కాంటా కడ నిలిచి, అచటి కుఱ్ఱవానిని బతిమాలి, తూచిన లారీనే ఒకసారి ముందు అంచునకును, ఒకసారి వెనుక అంచునకును నడిపించితిని. ఒక సెల్లు చెడినచో రెండు అంకెలకును పొత్తు కుదరదు. భేదము 10 కిలోలే వచ్చెను. "సరిగ్గానే ఉందిగా, తాతా!" అని కుఱ్ఱవాడు నవ్వెను. గడియారము చూచుకొంటిని. అంతయు కలిసి మూడు నిమిషములు పట్టినది. ఆనాడు ఆ పిల్లవాడు నన్నడిగినది ఆ మూడు నిమిషములే.