బడి గంటకు ముందు ఫజ్ర్ అజాన్

వేసవి సెలవులు ముగిశాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా మన పిల్లలు ఆడింది ఆట, పాడింది పాటగా గడిపారు. అర్ధరాత్రి దాటేదాకా మేలుకోవడం, పొద్దెక్కాక లేవడం, పన్నెండు గంటలకు నాష్తా చేయడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. ఇప్పుడు బడులు తెరిచారు. పుస్తకాలు కొన్నాం, అట్టలు వేశాం, యూనిఫారాలు కుట్టించాం, అప్పో సప్పో చేసి ఫీజులు కట్టాం. కాని ఆ పుస్తకాల సంచి మోసే పసివాడి నిద్ర, తిండి, ఆట, ఆరాధన ఎలా సాగాలన్నది మాత్రం ఆలోచించలేదు.

ఇళ్లలో తరచుగా కనిపించే విషయం ఒకటుంది. ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది. తండ్రి పదేళ్ల కొడుకును లేపబోతే, “పాపం, పడుకోనివ్వండి, రాత్రి ఆలస్యంగా నిద్రపోయాడు” అంటుంది తల్లి. ఏడున్నరకు బడి బస్సు వస్తుంది. ఆ వేళకు అదే తల్లి దుప్పటి లాగేసి, రెక్క పట్టి లేపి, కళ్లు నులుముకుంటున్నవాడి నోట్లో రెండు ముద్దలు కుక్కి పంపిస్తుంది. ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. కాని ఆ పిల్లవాడు రోజూ చూస్తున్నది ఏమిటి? అల్లాహ్ పిలుపును వాయిదా వేయవచ్చు, బస్సు హారన్‌ను వేయకూడదు! ఇది మనం నోటితో ఎన్నడూ చెప్పని పాఠం. అయినా అన్ని పాఠాలకన్నా ముందు వాడికి వచ్చేది ఇదే.

ఈ చిక్కు తెల్లవారుజామున విడిపోయేది కాదు, ముందు రాత్రే దాన్ని విప్పాలి. దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయతును గమనించండి. యుక్తవయస్సు రాని పిల్లలు సైతం పెద్దల గదిలోకి అనుమతి తీసుకుని రావలసిన మూడు వేళలను అల్లాహ్ అందులో పేర్కొన్నాడు: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రమించే వేళ, ఇషా నమాజు తర్వాత. ఆయతు మర్యాద నేర్పడానికి వచ్చింది. దానితోపాటు ఒక ముస్లిం ఇంటి రోజు ఎలా సాగుతుందో కూడా అందులో తెలుస్తోంది. ఇషా తర్వాత ఇల్లు సద్దుమణగాలి. ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్నీ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారని హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖించారు. మరి మన ఇళ్లలో ఇషా తర్వాతే కదా అసలు సందడి మొదలయ్యేది! టీవీ, ఆ తర్వాత తలా ఒక సెల్‌ఫోను. ఇక మన శాదీల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిఖాహ్ ఎప్పుడో అయిపోయినా దస్తర్‌ఖాన్ పరిచేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. నిద్రలో తూలుతున్న పిల్లలు మర్నాడు బడికి వెళ్లాలన్న స్పృహ పిలిచినవారికీ ఉండదు, వెళ్లినవారికీ ఉండదు.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆపై పద్దెనిమిదేళ్ల దాకా 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. లెక్క వేసుకుందాం. జూన్‌లో హైదరాబాదు ప్రాంతంలో సుమారు 5.40కి సూర్యోదయం. పిల్లవాడు 5.15కు లేవాలంటే, తొమ్మిదికి నిద్రపోయినా ఎనిమిది గంటలే అవుతుంది. మిగిలిన లోటు తీరడానికి సున్నత్‌లోనే మార్గం ఉంది. అది ఖైలూలా, అంటే పగటిపూట కాసేపు కునుకు. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం వీలుకాదు కాబట్టి, ఇంటికి రాగానే ట్యూషన్‌కు తరమకుండా కొంతసేపు పడుకోనివ్వండి. ఏడేళ్లు నిండని పిల్లలను ఫజ్ర్‌కు లేపవలసిన అవసరమే లేదు.

పడక చేరేవేళ చేతిలో ఫోను ఉండకూడదంటే, ఆ చేతులకు మరో పని ఇవ్వాలి. దైవప్రవక్త (స) ప్రతి రాత్రీ రెండు అరచేతులూ కలిపి ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు పఠించి, ఊది, శరీరమంతా తుడుచుకునేవారని, ఇలా మూడుసార్లు చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయిదేళ్ల పిల్ల కూడా దీన్ని సరదాగా నేర్చుకుంటుంది. అయితే పక్కన కూర్చుని చేసి చూపించే తల్లో తండ్రో ఉండాలి.

తిండి విషయంలో హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ఉదంతం ఉంది. బాల్యంలో ఆయన దైవప్రవక్త (స) ఇంట పెరిగారు. భోజనం చేసేటప్పుడు ఆయన చెయ్యి పళ్లెమంతా తిరిగేది. ప్రవక్త (స) గద్దించలేదు, పళ్లెం దగ్గర నుంచి లేపెయ్యలేదు. అల్లాహ్ పేరు తలచుకుని, కుడిచేత్తో, తన ముందున్న దాన్నే తినమని చెప్పారు, అంతే. అప్పటినుంచీ తాను అలాగే తింటూ వచ్చానని ఆయన పెద్దయ్యాక చెప్పారు. ఒకే దస్తర్‌ఖాన్ మీద, పక్కనే కూర్చుని చెప్పిన మాట గనుక అంత నిలిచింది. పొద్దున టిఫిన్‌కు బదులు చేతిలో పది రూపాయలు పెట్టి, చిప్స్ ప్యాకెట్ కొనుక్కోమని పంపితే ఈ తర్బియత్‌కు చోటెక్కడ?

ఆట గురించి కూడా చెప్పుకోవాలి. బడి, ట్యూషన్, మగ్రిబ్ తర్వాత అరబీ చదువు అని పిల్లలను ఊపిరాడనివ్వని ధార్మిక కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో, చదువు ముగించి వచ్చిన పిల్లవాణ్ణి మంచి ఆట ఆడుకోనివ్వాలని, ఎప్పుడూ చదువుతోనే వేధిస్తే వాడి మనసు చచ్చిపోయి తెలివి మొద్దుబారుతుందని హెచ్చరించారు. సహాబా మహిళలు ఆషూరా నాడు పిల్లలచేత ఉపవాసం పాటింపజేసేవారు. అన్నం కోసం ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి ఇఫ్తార్ దాకా మరిపించేవారని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తెలిపారు. అల్లాహ్ ఆరాధనను అలవాటు చేయడానికి ఆ తల్లులు వాడింది బొమ్మను, బెత్తాన్ని కాదు.

నమాజు గురించిన హదీసులో చాలామందికి పదేళ్లప్పటి కాఠిన్యం గుర్తుంటుంది, ఏడేళ్లప్పటి ఆజ్ఞ గుర్తుండదు. ఏడు నుంచి పదికి మధ్య మూడేళ్లున్నాయి. రోజుకు అయిదు నమాజుల చొప్పున లెక్కిస్తే అయిదు వేలసార్లకు పైగా మెత్తగా పిలవాలి. అన్నిసార్లు పిలిచిన తండ్రికి ఆ తర్వాత కఠినంగా మాట్లాడవలసిన అవసరం దాదాపు రాదు. తాహా సూరా 132వ ఆయతులోనూ ఇంటివారికి నమాజు గురించి ఆజ్ఞాపించమన్న వెంటనే, దానిపై స్వయంగా స్థిరంగా ఉండమన్న ఆదేశం ఉంది. తాను దుప్పటిలో ఉండి కొడుకును మస్జిదుకు పొమ్మనే తండ్రి ఈ ఆయతులో సగాన్నే చదివాడు.

“రాత్రి ఆటో నడిపి, లేదా హోటల్లో పనిచేసి పన్నెండింటికి ఇంటికి వస్తాం. పిల్లలు మా కోసం మేలుకుని ఉంటారు, ఏం చెయ్యమంటారు?” అని కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతుంటారు. వారి కష్టం నిజమైనది, హలాల్ సంపాదన కోసం పడే శ్రమకు అల్లాహ్ దగ్గర పుణ్యం ఉంది. అలాంటి ఇళ్లలో తల్లి పిల్లలను తొమ్మిదికే పడుకోబెట్టాలి. తండ్రి రాత్రి పిల్లలను లేపకుండా, ఫజ్ర్‌కు వారిని తానే లేపి, వెంట మస్జిదుకు తీసుకెళ్లి, తిరిగి వచ్చాక కలిసి నాష్తా చేసి, బస్సెక్కించి, ఆ తర్వాత నిద్రపోవచ్చు. మాకు తెలిసిన రెండు మూడు కుటుంబాలు ఇలాగే చేస్తున్నాయి. ఆ పిల్లలకు తండ్రితో గడిపే సమయం ఇప్పుడు రాత్రి నుంచి ఉదయానికి మారింది.