నోట్లో రాయి

కైవారం నారాయణ తాతయ్య గాజులమ్ముకుని బతికినవాడు. గురువు పరదేశి స్వామి ఆయన చేతిలో ఓ గులకరాయి పెట్టి, "ఇది నోట్లో వేసుకుని అష్టాక్షరి జపించు, కలకండ అయ్యేదాకా ఆపకు" అన్నాడట. చింతామణి, శిడ్లఘట్ట వైపు పెద్దవాళ్ళు చెప్పే కథ ఇది.

దిబ్బూరహళ్ళి దారిలో హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డ కుర్రవాడికీ, పక్షవాతం వచ్చిన పెద్దాయనకీ మాట అలాగే, నోట్లో రాయి ఉన్నట్టు, అడ్డం పడుతుంది. చెప్పాల్సింది లోపల ఉంటుంది, నాలుక మీదికి రాదు. 2022లో మొదలైన కర్ణాటక బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ తొలి జిల్లాల్లో ఈ ఊళ్ళున్న చిక్కబళ్ళాపురం ఉండటం మేలే. అయినా ప్రాణం దక్కాక అసలు పని ఓ చిన్న గదిలో, ఎదురెదురు కుర్చీల్లో జరుగుతుంది.

అక్కడ మంచి స్పీచ్ థెరపిస్టును చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. చిన్న ప్రశ్న ఒకటి అడిగి ఊరుకుంటుంది. జవాబు రాకపోతే ముందు అవే మాటల్లో మళ్ళీ అడుగుతుంది. వెంటనే మాటలు మారిస్తే దెబ్బతిన్న మెదడుకు అది ఇంకో కొత్త ప్రశ్న కావచ్చు. "ఈయన తిన్నాడా?" అని భార్యను అడగదు, "తిన్నారా?" అని ఆయన్నే అడుగుతుంది. అదీ తెలుగులోనా, కన్నడంలోనా అన్నది ముందే కనుక్కుంటుంది. తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన సీమ కదా ఇది! టొరంటోలో ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్టు ఇంకో సంగతి నేర్పింది: "మీకు తెలుసని నాకు తెలుసు" అన్న భరోసా ఆ మనిషికి ముందు అందాలి.

అంటే ఆ గదిలో రాయి నోట్లో పెట్టుకోవలసింది థెరపిస్టే. సాయం చేయాలన్న ఆత్రమే ఆమె నాలుకను తొందరపెడుతుంది. ఆయన వాక్యం మనం పూర్తిచేస్తే, దయ పేరుతో ఆయన మాట లాక్కున్నట్టే.

మాట పోయినా కొందరికి పాట మిగులుతుంది. "అవును" తప్ప పలకలేని మనిషి కీర్తనలు పాడటం 1745లోనే స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ రాసిపెట్టాడు. మన ఇళ్ళలోనూ అంతే. "నారాయణా" అని వినపడగానే మాటొచ్చేసిందని మొక్కు తీర్చడానికి బయల్దేరతారు. ఆ సంతోషాన్ని థెరపిస్టు తీసిపారేయదు, అబద్ధంతో పెంచదు కూడా. ఏళ్ళ తరబడి పలికిన నామం దానంతటది వస్తుంది, "నీళ్ళు కావాలి" అన్నది మాత్రం వెతుక్కుని రావాలి అని విడమరుస్తుంది. నాకైతే అందువల్ల ఆ నామం విలువ తగ్గినట్టు అనిపించదు.

నారాయణా, ఈ పూట టీవీ కట్టేసి, మాట పోయిన మా పెద్దాయన ఎదుట కూర్చుంటాను. కాఫీ, మజ్జిగ రెండూ ముందుపెట్టి ఏది కావాలని ఒక్కసారే అడుగుతాను. ఆయన వేలు కదిలేదాకా నా నోరు కట్టెయ్యి. ఆయన చూపించింది నేననుకున్నది కాకపోతే, అదే ఇచ్చే బుద్ధి ఇవ్వు.