గెలుపు ఎవరిది?

మా కామాఠీపుర చాల్‌లో మనుమడు ‘రోగ్ లెగసీ’ అను ఆట ఆడుచుండగా మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. 2013లో కెనడాలోని టొరాంటోవారు వెలువరించిన ఆట యిది. కోటలో ప్రవేశించిన వీరుడు చచ్చును. వాని వారసుడు మరల బయలుదేరును. కోటలోని గదులు ప్రతిసారి మారిపోవును. చచ్చినవాడు తెచ్చిన బంగారముతో ఇల్లు పెంచుకొన్నచో ఆ బలము తరతరములకు నిలుచును. ఖర్చుచేయక దాచినదంతయు కోటవాకిట కేరన్ అను గ్రీకు పురాణపు పడవవాడు లాగుకొనును. బిడ్డలకు సొమ్ము కూడబెట్టువారు ఈ నిబంధన నొకసారి చూడదగును!

చివరకు “నేనే గెలిచిన, తాతా” అనెను మనుమడు. చేతినేర్పు వానిదే, కాదనము. కాని వాడు తొడిగిన కవచము ఎందరి చావుతో కొన్నది? ఎవరి కర్మఫలము వారిదే యని పెద్దలు చెప్పిరి; ఇచ్చట చచ్చినది ఒకడు, అనుభవించునది మరియొకడు.

తెలంగాణమునుండి వచ్చి బొంబాయి మేడలకు రాళ్లు మోసిన కామాఠీల పేరే మా పేటకు మిగిలినది. మేడలు వారి బిడ్డలకు రాలేదు. మా తండ్రి కూలిడబ్బులతో మాకు మెట్రిక్ చెప్పించెను. గుమాస్తా కుర్చీలో కూర్చుండి, అది మా తెలివియే యని మేము ఏండ్లతరబడి చెప్పుకొంటిమి.

ఆటలో చచ్చినవారి బొమ్మలు వరుసగా కనబడును. మనుమడు వానిని చూడక దాటించెను. మందలింపబోయి ఊరకుంటిమి. మా ముత్తాత పేరు వాడడిగినచో మేమును చెప్పలేము.