కరువు పని ఎవరి బాకీ?

రాయలసీమలో ఉపాధి హామీ పనిని జనం ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. పని దొరకడం పాలకుల దయగా ఉన్న రోజుల మాట అది. ధాత కరువులో, 1877లో, మద్రాసు రాజధానికి వచ్చిన బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఎంత పెట్టాలో పెట్టేవాడే తేల్చాడు. మన సంప్రదాయం మెచ్చే దానంలోనూ ఈ చిక్కుంది. దేశకాలాలూ పాత్రతా చూసి, ప్రతిఫలం కోరకుండా ఇచ్చేది సాత్త్విక దానమని గీత చెబుతుంది. నిజంగా ఉత్తమమైనదే, కానీ కాలాన్నీ పాత్రుణ్ణీ ఎంచేది అక్కడా దాతే. ఋణం అలా కాదు, గడువు దాటితే తప్పు ఇవ్వనివాడిది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకానికి మూలమైన 2005 చట్టం పనిని దానం నుంచి ఋణంలోకి మార్చింది. అడిగిన 15 రోజుల్లో పని చూపాలి, లేదా నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆ చట్టంలో నాకు వంద రోజుల పని హామీ కంటే ఈ పదిహేను రోజులే విలువైనవిగా కనిపిస్తాయి.

ఈ పథకం వల్ల సోమరితనం పెరుగుతుందన్న మాట నిలవదు, గుంత తవ్వి కొలత తేలితేగానీ కూలి పడదు. ఈ పని వల్ల కూలి రేట్లు పెరుగుతాయన్న రైతు అభ్యంతరం మాత్రం తోసెయ్యదగ్గది కాదు. కూలి పెరిగినంతగా వేరుశనగ ధర పెరగక నలిగే సన్నకారు రైతు బాధ నిజం. అయితే వాన మొహం చాటేసిన ఏడు జాబ్ కార్డు పట్టుకొని గుంతలు తవ్వడానికి వచ్చేవాళ్లలో సన్నకారు రైతులూ ఉంటారు. సాగు రోజుల్లో ఈ పని ఆపెయ్యమనడం కూలీకి బేరమాడే బలం తీసెయ్యడమే. రైతుకు రావలసిన గిట్టుబాటు ధరను కూలీ ఆకలిలోంచి తియ్యడం ధర్మం కాదు.

పన్నెండో శతాబ్దంలోనే బసవేశ్వరుడు కాయకాన్ని, అంటే ఒళ్లు వంచి చేసే పనిని, పూజతో సమానం చేశాడు. అంతటి పని చేయించుకొని కూలి ఆపితే ఋణం మళ్లీ దయాభిక్షగా మారుతుంది. ఆలస్యానికి ఆ చట్టం కింద పెట్టిన పరిహారం రోజుకు 0.05 శాతం. రూ.300 కూలి మీద 15 పైసలు, అంటే నెలకు నూటికి రూపాయిన్నర. ఈలోగా రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి తిన్న కూలీ ఆ తేడా తన చేతి నుంచే పెట్టుకోవాలి. అన్నాళ్లూ ప్రభుత్వానికి అప్పిచ్చింది ఆ కూలీయే. పథకానికి ఏ పేరు పెట్టినా సరే, మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో కూలి ఖాతాలో పడాలి.