వకాలత్‌నామా లేని కథ

తెలంగాణలో డిగ్రీ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరాలంటే లాసెట్ రాయాలి. తొంభై నిమిషాలు, 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, వర్తమాన విషయాలు 30, లా చదవడానికి కావాల్సిన ఆప్టిట్యూడ్ 60. ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులోనో ఉర్దూలోనో ఉంటుంది. ఈ 120 ప్రశ్నల్లో ఒక్కటి కూడా "నువ్వెవరు?" అని అడగదు. లా ఎందుకు చదవాలనుకుంటున్నావు, మీ నాయిన ఏం పని చేస్తాడు, ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది అని అడగదు. కులం సంగతి మీసేవ సర్టిఫికెట్ చూసుకుంటుంది. ఒక కాగితం, దాని మీద ఒక నంబరు. అంతే.

అమెరికాలో అలా కాదు. లా స్కూల్లో చేరాలంటే ఎల్‌శాట్ స్కోరు, డిగ్రీ మార్కులు, పాఠం చెప్పినవాళ్ళ సిఫారసు ఉత్తరాలు, వీటన్నిటితో పాటు ఒక పర్సనల్ స్టేట్‌మెంట్ కావాలి. 2023లో హార్వర్డ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అడ్మిషన్లలో జాతిని ఒక లెక్కగా పట్టుకోవద్దంది. అయితే ఆ జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే చదవడానికి అడ్డు లేదని కూడా అంది. గడిలో టిక్కు పెట్టే వీలు పోయి, కథ చెప్పుకునే వీలు మిగిలింది. మన దగ్గర ప్రభుత్వ సీట్ల దాకా ఈ పద్ధతి రాలేదు. ప్రైవేటు లా కాలేజీల స్కాలర్‌షిప్ ఫారాల్లో మాత్రం వచ్చేసింది. "నీ ప్రయాణం గురించి 500 పదాల్లో చెప్పు" అని ఉంటుంది.

ఇలాంటి పత్రికలు చదివే మనబోటివాళ్ళకి ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. పరీక్ష గుడ్డిది, వ్యాసం మనిషిని చూస్తుంది అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను, ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను. ఆ మిగతా సగం గురించే ఈ వ్యాసం.

మాది తాండూరు. మా పెద్దమ్మ కూతురి బిడ్డ అక్కడే బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాయిన, అంటే మా బావ, బండల పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. తాండూరు అంటే బయటివాళ్ళకి కందిపప్పు గుర్తొస్తుంది, 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ముందు గుర్తొచ్చేది నాపరాయి దుమ్ము. ఆ పిల్ల లాసెట్‌కి చదువుకుంటూనే ఒక స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. నాకు ఇంగ్లీషొచ్చని, పుస్తకాల మీద ఏవో రాస్తుంటానని, దిద్దమని పంపింది. దానికి ముందే హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు చూసి పెట్టారట. మొదటి వాక్యం వాళ్ళదే. తెల్లవారుజామున నాయిన దగ్గుతో ఇల్లు మేల్కొంటుందని, ఆ దగ్గే తనకి న్యాయం మీద మొదటి పాఠమని.

వాక్యం బాగుంది. విమర్శ రాసే అలవాటున్న నా కంటికీ బాగుంది. ఫోన్లో ఆ పిల్ల అడిగింది ఒక్కటే: "మామా, నాయిన దగ్గు రాస్తే సీటొస్తదట. నిజమేనా?"

రావచ్చు. నన్ను ఆపింది అది కాదు. ఆ దగ్గు ఎవరిది? దాన్ని ఇంకొకరి ముందు పెట్టే హక్కు ఎవరికుంది?

లాయరు కాబోయే మనిషికి ఈ ప్రశ్న కొత్తదేం కాకూడదు. వాళ్ళ వృత్తి మొత్తం ఇతరుల కథ చెప్పడమే కదా. కానీ కోర్టులో ఒకరి తరఫున నోరు విప్పే ముందు ఒక కాగితం దాఖలు చేయాలి. వకాలత్‌నామా. నా తరఫున మాట్లాడు అని కక్షిదారు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. ఆఫీసులో చెప్పిన మాటని ఆ మనిషి స్పష్టంగా ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 126వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే నియమం 132వ సెక్షన్‌గా ఉంది. ఆ వృత్తిలోకి అడుగుపెట్టే మొదటి దరఖాస్తే ఒకరి కథని అడగకుండా వాడుకుని రాస్తే? వకాలత్ లేకుండా వాదించినట్టు.

దీనికి ఎదురువాదన ఉంది, గట్టిదే. ఆ దగ్గు ఆ పిల్ల కథ కూడా. ఆ ఇంట్లో నిద్ర పాడయింది తనకీను. పైగా కథలు లేకపోతే లా కాలేజీల తలుపులు ఎవరికి తెరుచుకుంటాయి? క్లాట్ ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఉంటుంది. అందులో రెండు గంటల్లో 120 ప్రశ్నలు చేయగలిగేది ఎక్కువగా కోచింగ్ కొనుక్కోగలిగినవాళ్ళు. పేదపిల్లలు నేషనల్ లా యూనివర్సిటీల దాకా రావడంలేదన్న బాధతోనే ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థ మొదలుపెట్టారు. మార్కుల పట్టిక దాచిపెట్టే దూరాన్ని కథ చూపిస్తుంది. చట్టమే కథలతో కదిలిన సందర్భాలున్నాయి. 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు, బీహార్ జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్నవాళ్ళ గురించి పేపర్లో వచ్చిన వార్తలతో మొదలైంది.

ఒప్పుకుంటాను. కానీ ఆ కేసులో కథ బయటికొచ్చింది ఆ ఖైదీల విడుదల కోసం. స్కాలర్‌షిప్ వ్యాసంలో దగ్గు బయటికొస్తే లాభం దగ్గే మనిషికి కాదు. సీటొచ్చినా రాకపోయినా మా బావ మర్నాడు పొద్దున అదే దుమ్ములోకి పోతాడు. అలాగని రాయకూడదని కాదు. ఆయన్ని అడగాలి. అడగడమంటే "నీ గురించి రాసిన" అని చెప్పడం కాదు. రాసింది ఆయనకొచ్చిన భాషలో చదివి వినిపించాలి. ఆయన వద్దంటే తీసేయడానికి సిద్ధంగా ఉండాలి.

ఆ పిల్లతో అదే అన్నాను. చదివి వినిపించింది. బావ అంతా విన్నాడట. "దగ్గు అందరికొస్తది బిడ్డా, అది తీసెయ్" అన్నాడట. తర్వాత ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. పక్క మిషన్ మీద పనిచేసే మనిషి కాలు మీద బండ పడింది. నష్టపరిహారం కోసం 1923 నుంచీ చట్టం ఉంది. కానీ అక్కడ మొట్టమొదట తేలాల్సింది, ఈ మనిషి మీ దగ్గర పనిచేసేవాడేనా అన్నది. అడుగుల లెక్కన కూలి, చేతికి డబ్బులు. కాగితమే లేదు. బావ సాక్ష్యం చెప్తానన్నాడు గానీ కేసు అక్కడిదాకా పోనేలేదు. "ఇది రాయి. కానీ ఆయన్ని అడిగి రాయి" అన్నాడట.

కన్సల్టెన్సీ వాక్యంలో బావ ఒక రోగి. తన మాటల్లో తను ఒక సాక్షి. ఈ తేడా వ్యాసానికి అందం తెచ్చిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఎందుకు లా చదవాలి అన్నదానికి మాత్రం ఇది జవాబు. దగ్గు విని జాలి కలుగుతుంది. కాగితం లేక ఆగిపోయిన కేసు వింటే, ఏం చదవాలో తెలుస్తుంది.

మంచి దరఖాస్తు అంటే నాకిప్పుడు అర్థమవుతున్నది ఇదే. డిగ్రీ మూడేళ్ళలో తయారు చేసుకోవాల్సింది కథ కన్నా ముందు తెలివిడి. అందుకు కావాల్సిన సరుకు వికారాబాద్, తాండూరు చుట్టుపక్కలే బోలెడుంది. 2016లో వికారాబాద్ జిల్లా అయ్యేదాకా ఈ ఊళ్ళు ఏ జిల్లాలో ఉండేవో, ఆ జిల్లా పేరు ఒక వకీలుది, కొండా వెంకట రంగారెడ్డిది. 1967లో తాండూరు నుంచి మర్రి చెన్నారెడ్డి గెలిచిన ఎన్నిక మీద వందేమాతరం రామచంద్రరావు కేసు వేశారు. మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది, కేంద్రమంత్రి పదవి వదులుకోవాల్సొచ్చింది, సుప్రీంకోర్టులోనూ ఆ తీర్పే నిలిచింది. ఎన్నికల కేసుల్లో ఆ తీర్పుని ఇప్పటికీ ఉదహరిస్తారు. తాండూరులో డిగ్రీ చదివేవాళ్ళలో ఎందరికి తెలుసు?

అంత వెనక్కి పోనక్కర్లేదు. 2024 నవంబర్‌లో ఇదే జిల్లా లగచర్లలో భూసేకరణ గొడవ, అధికారుల మీద దాడి, అరెస్టులు. డిసెంబర్‌లో, రిమాండ్‌లో ఉన్న ఒక రైతుని ఆస్పత్రికి బేడీలతో తీసుకెళ్ళిన ఫోటో అందరం చూశాం. చాలామంది కోపంగా షేర్ చేశారు. 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, బేడీలు వేయడం మామూలు పద్ధతి కాకూడదని, వేయక తప్పదంటే కారణం రాసిపెట్టాలని తీర్పు రాశారు. ఆ ఫోటో చూసి ఈ తీర్పు వెతుక్కుని చదివిన డిగ్రీ విద్యార్థి దగ్గర అప్పటికే ఒక దరఖాస్తు ఉన్నట్టు. అందులో తన కన్నీళ్ళు గానీ, ఆ రైతు కన్నీళ్ళు గానీ అమ్ముకోవాల్సిన పని లేదు.

సాహిత్యం చదివే మనం కూడా ఆ కన్సల్టెన్సీకి మరీ దూరంలో లేము. చిన్న ఊళ్ళ నుంచి, కింది కులాల నుంచి వచ్చే రచయితల్ని మనమూ ముందు దగ్గే అడుగుతాం. దుఃఖం రాస్తే "నిజాయితీ" అంటాం. వాళ్ళే చట్టం గురించో, ఛందస్సు గురించో వాదన రాస్తే చదవడానికి తీరిక ఉండదు. ఫారాలు తయారుచేసేవాళ్ళకి ఆ రుచి ఎక్కడి నుంచో ఊడిపడలేదు. దాన్ని పెంచినవాళ్ళలో మనమూ ఉన్నాం.

అందుకే లాసెట్ అనే ఆ గుడ్డి పరీక్ష మీద నాకు ఈమధ్య గౌరవం పెరిగింది. అది అన్నీ చూడలేదు, నిజమే. కానీ ఒక పిల్ల హక్కుగా పొందాల్సిన సీటు కోసం వాళ్ళ నాయిన ఛాతీ విప్పి చూపించమనదు. చూపించాలా వద్దా అన్నది ఆయనకే వదిలేస్తుంది. వ్యాసాలు అడిగే కాలేజీలు ఆ మాత్రం మర్యాద నేర్చుకోవచ్చు. "నీ కష్టం చెప్పు" అనే బదులు "మీ ఊళ్ళో తేలని ఒక తగాదా చెప్పు, దానికి ఏ చట్టం వర్తిస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పు" అని అడగొచ్చు. బండల మిషన్ దగ్గరి మనిషి ఒప్పుకుంటే, మా పిల్ల దగ్గర దానికి జవాబుంది. ఒప్పుకోకపోతే ఆ 500 పదాలు ఇంకో తగాదా గురించి రాస్తుంది. తాండూరులో వాటికేం కొదవ.